కొహిమా, ఇంఫాల్: 1944 యుద్ధభూమిలో ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

రెండో ప్రపంచయుద్ధం మలుపులు అనగానే స్టాలిన్‌గ్రాడ్, మిడ్‌వే, నార్మండీ అంటాం. జపాన్ సైన్యం నేల మీద అప్పటిదాకా ఎరగనంత పెద్ద ఓటమి చవిచూసింది మాత్రం 1944లో, బ్రిటిష్–భారత సైన్యం చేతిలో, మన దేశంలోనే, మణిపూర్, నాగాలాండ్ కొండల్లో. 2013లో లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియం బ్రిటన్ పోరాడిన యుద్ధాల్లో గొప్పది ఏదని ఓటింగ్ పెడితే వాటర్లూని, నార్మండీని దాటుకుని ఇంఫాల్–కొహిమా మొదటి స్థానంలో నిలిచింది. వీసా అక్కర్లేదు, యూరోలు అక్కర్లేదు. అయినా మనవాళ్లు ఈశాన్యం వెళ్తే షిల్లాంగ్, చిరపుంజి, తవాంగ్ చూసుకుని వచ్చేస్తారు.

నేనూ మా బావమరిదీ 2022 నవంబరులో వెళ్లాం. వాడికి నేతాజీ అంటే ప్రాణం, ఆజాద్ హింద్ ఫౌజ్ జెండా ఎగరేసిన మొయిరాంగ్ చూడాలన్నది వాడి కోరిక. నా ఆసక్తి వేరే. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో మా చిన్నప్పుడు రంగం, అంటే రంగూన్, వెళ్లొచ్చిన ముసలివాళ్లు ఊరికి ఒకరిద్దరైనా ఉండేవాళ్లు. 1942లో జపాన్ వాళ్లు బర్మాలోకి వచ్చేసరికి రంగూన్‌లో ఉన్న మనవాళ్లు మూటాముల్లె సర్దుకుని కాలినడకన బయల్దేరారు. వాళ్లు నడిచిన దారుల్లో ఒకటి తమూ, పాలెల్, ఇంఫాల్, కొహిమా మీదుగా దీమాపూర్ రైల్వేస్టేషన్ దాకా వస్తుంది. రెండేళ్ల తర్వాత యుద్ధం జరిగింది ఆ దారి మీదే. ఆ దారి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ముందు పర్మిట్ సంగతి. రెండు రాష్ట్రాలకీ మనకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ప్రింట్లు నాలుగైదు దగ్గర పెట్టుకోండి, ఫోన్లో చూపిస్తే ఒప్పుకోని చెక్‌పోస్టులు ఉన్నాయి. ప్రయాణానికి మేం కోల్‌కతా మీదుగా దీమాపూర్ విమానం ఎక్కాం. ఓపిక ఉన్నవాళ్లకి కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. విశాఖలో ఎక్కితే రైలు మారకుండా దీమాపూర్‌లో దిగొచ్చు. రెండు రాత్రులు దాటిపోతుంది, నడుము సంగతి మీరే చూసుకోండి.

దీమాపూర్‌లో ఉండాల్సిన పని లేదు. కానీ ఆ ఊరి విలువ తెలియకుండా పైకి వెళ్తే కొహిమా అర్థం కాదు. 1944లో ఇది మిత్రరాజ్యాల సరుకుల డిపో. సుమారు 17 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పున గోడౌన్లే గోడౌన్లు. బియ్యం, పెట్రోలు, మందుగుండు, బూట్లు, అన్నీ. జపాన్ 15వ సైన్యాధిపతి ముతాగుచి మూడు డివిజన్లను బర్మాలోని చింద్విన్ నది దాటించినప్పుడు వాళ్ల చేతికి ఇచ్చింది దాదాపు మూడు వారాల తిండి. వెంట పశువుల మందలను తోలించాడు, దారిలో కోసుకు తినొచ్చని. అవి కొండలెక్కలేక, నదిలో కొట్టుకుపోయి చాలామటుకు చచ్చాయి. మూడు వారాల్లో ఇంఫాల్ పడిపోతుంది, అక్కడి గోడౌన్లలో తిందాం అన్నది లెక్క. ఇంఫాల్ పడలేదు. కొహిమా దాకా వచ్చిన డివిజన్ అధిపతి జనరల్ సాతోని దీమాపూర్ మీదికి పంపాలని ముతాగుచికి ఉన్నా, పైవాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు దీమాపూర్‌కి పెద్ద కాపలా ఏమీ లేదు. నా మటుకు నాకు ఈ యుద్ధంలో అసలు మలుపు అదే, వెళ్లకుండా ఆగిపోవడం.

స్టేషన్ బయట కొహిమాకి షేర్ సుమోలు దొరుకుతాయి. దూరం డెబ్బై కిలోమీటర్ల చిల్లర. మూడు గంటలని చెబుతారు, మాకు నాలుగున్నర పట్టింది. నాలుగు వరసల రోడ్డు పనులు, దుమ్ము. పాగలా పహాడ్ దగ్గర కొండ మీంచి రాళ్లు దొర్లుతుంటాయి కాబట్టి అక్కడ డ్రైవర్లు పాటలు కట్టేసి పైకి చూస్తూ నడుపుతారు. మాకూ టెన్షనే. వానాకాలంలో ఈ రోడ్డు ఎక్కకపోవడమే మంచిది.

కొహిమా టౌన్లో మేం దిగిన హోటల్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పేరెందుకులెండి. బుక్ చేసినప్పుడు గీజర్ అన్నారు, వెళ్తే బకెట్ వేడినీళ్లకి యాభై రూపాయలు అన్నారు. రెండో రోజు పొద్దున బకెట్ కూడా రాలేదు, కింద సిలిండర్ అయిపోయిందట. పైగా డిసెంబరు 1 నుంచి 10 దాకా హార్న్‌బిల్ పండగ, అందుకని "ఇప్పుడే పండగ రేట్లు మొదలయ్యాయి" అని వసూలు చేశాడు. "బావా, జపాన్ వాళ్లు ఇక్కణ్ణించి ఎందుకు వెనక్కెళ్లిపోయారో నాకర్థమైంది" అన్నాడు మా వాడు, చన్నీళ్లతో మొహం కడుక్కుంటూ. టౌన్లో మంచి హోటళ్లు లేకపోలేదు. కానీ నా ఓటు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖొనోమాకి. అంగామీ నాగాల పల్లె, మెట్ల పొలాలు, రాతి ఇళ్లు. 1879లో ఇంగ్లీషు వాళ్లని ఎదిరించి కోట పట్టుకుని కూర్చున్న ఊరు. హోమ్‌స్టేలో మనిషికి రెండు పూటల భోజనంతో రెండువేల లోపే అయింది. రాత్రి వంటింట్లో పొయ్యి చుట్టూ అందరితో పాటు కూర్చోబెట్టారు. పొయ్యి మీద తీగలకి వేలాడదీసిన మాంసం పొగలో నల్లబడి ఉంది. కొహిమా చూసి సాయంత్రానికి ఇక్కడికి చేరుకుంటే సరి. రోడ్డు మాత్రం గతుకులమయం.

ఇక అసలు చోటు. కొహిమా వార్ సెమెటరీ ఊరి నడిబొడ్డున, ట్రాఫిక్ ఆగిపోయే జంక్షన్ పైనే ఉంటుంది. టికెట్ లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్లు చూసుకుంటారు, గడ్డి పరకతో సహా దువ్వినట్టు ఉంటుంది. కొండని మెట్లుమెట్లుగా చదును చేసి 1,420 సమాధులు పెట్టారు. నిలువు రాళ్లు కాదు, నేల మీద చిన్న దిమ్మలు, వాటిపై కంచు పలకలు. పైకెళ్లే కొద్దీ హారన్ల మోత తగ్గుతుంది. కొండ పైకొసన దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు ఒకే కట్టడం మీద ఉంటాయి. సింగ్, రామ్, థాపా, గురుంగ్... టూర్ బృందాలు కింద రాతి మీద చెక్కిన స్మారక వాక్యం దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతాయి. 'మీరు ఇంటికెళ్తే మా గురించి చెప్పండి, మీ రేపటి కోసం మా ఈనాటిని ఇచ్చేశాం' అనే అర్థం వచ్చే మాటలు అవి. సుమో డ్రైవర్ కూడా అప్పజెబుతాడు. ఆ పైన ఉన్న 917 పేర్ల దాకా ఎక్కేవాళ్లు తక్కువ. మోకాళ్లు సహకరిస్తే ఎక్కండి.

మధ్య మెట్టు మీద టెన్నిస్ కోర్టు ఉంది. కోర్టంటే ఇప్పుడు గడ్డిలో తెల్లటి సిమెంటు గీతలే. దాని దిగువ మెట్టు మీద జిల్లా అధికారి డిప్యూటీ కమిషనర్ బంగళా ఉండేది. 1944 ఏప్రిల్‌లో కోర్టుకి ఒక చివర జపాన్ కందకాలు, ఇంకో చివర మనవాళ్లవి. కోర్టు పొడవు 78 అడుగులు. నేను ఒక గీత మీద నిలబడ్డాను, మా వాడు అటు చివర గీత మీద. మామూలు గొంతుతో మాట్లాడితే వినిపిస్తోంది. గ్రెనేడ్ విసరడానికి చెయ్యి పూర్తిగా తిప్పక్కర్లేదు. ఇలా రోజుల తరబడి. చివరికి మే 13న కొండ పక్కన దారి తవ్వి లీ రకం ట్యాంకునొకదాన్ని పైకెక్కించి, కోర్టులోకి దింపి, బంకర్లని పేల్చారు. కోర్టు పక్కన చెర్రీ చెట్టు దగ్గర ఫలకం చదవండి. జపాన్ స్నైపర్లు వాడుకున్న చెట్టు తగలబడి పోతే మొదలు నుంచి మళ్లీ చిగురించింది ఇది.

సెమెటరీని గైడ్ లేకుండా అరగంటలో చూసేయొచ్చు. గైడ్‌తో మాకు సగం రోజు పట్టింది. మా గైడ్ అంగామీ పెద్దాయన, హిందీ మధ్యలో ఇంగ్లీషు కలిపి నిదానంగా చెబుతారు. మమ్మల్ని సెమెటరీ గేటు దగ్గర ఆపి, ముందు రోడ్డు చూడమన్నారు. గారిసన్ హిల్, జైల్ హిల్, ఎఫ్‌ఎస్‌డీ (సరుకుల డిపో) హిల్, కూకీ పికెట్, ఇవన్నీ దీమాపూర్–ఇంఫాల్ రోడ్డుకి ఆనుకున్న వరుస గుట్టలు. ఇప్పుడు వాటి మీద ఇళ్లు, ఆఫీసులు, పోలీసు క్వార్టర్లు. ఏప్రిల్ 4న జపాన్ వాళ్లు వచ్చేసరికి ఇక్కడ ఉన్నవాళ్లు సుమారు 2,500 మంది, అందులో గుమాస్తాలూ వంటవాళ్లూ కోలుకుంటున్న రోగులూ కలిసి ఉన్నారు. వచ్చినవాళ్లు 12 వేల పైమాటే. రోజురోజుకీ గుట్టలు ఒక్కొక్కటే చెయ్యి జారి చివరికి గారిసన్ హిల్ ఒక్కటే మిగిలింది. నీటి పైపులు ముందే శత్రువు చేతిలోకి పోయాయి. బంగళా వెనక రోడ్డు పక్కన సన్నటి ఊట ఒకటి ఉండేది, రాత్రిపూట పాక్కుంటూ వెళ్లి డబ్బాలు నింపుకొచ్చేవారు. మనిషికి రోజుకి అర పైంటు, అంటే ఒక గ్లాసు నీళ్లు. విమానాలు ప్యారాచూట్లతో నీళ్లు దింపితే కొన్ని అటువైపు పడేవి.

"మరి మీ ఊళ్లవాళ్లు ఎక్కడికి పోయారండీ?" అని అడిగాను. ఆయన నాయనమ్మ పిల్లల్ని తీసుకుని అడవిలోకి వెళ్లారట. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, ధాన్యం గాదెల్లో గింజ లేదు. జపాన్ వాళ్లు మొదట్లో డబ్బులిచ్చి కొన్నారు, తర్వాత ఊరికే పట్టుకుపోయారు అన్నారు. నాగా యువకులు దారి చూపించారు, గాయపడ్డవాళ్లని భుజాల మీద మోశారు. డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ వెళ్లిపోకుండా ముట్టడి అంతా అక్కడే ఉన్నందుకు ఇప్పటికీ ఇక్కడ మంచిపేరు ఉంది. ఇంగ్లీషు ప్రభుత్వం మీద గౌరవం కాదు సార్, ఆయన మీద, అని గైడ్ గారే సరిచేశారు. ఏప్రిల్ 20న ముట్టడి తెగింది. కానీ పోరు జూన్ దాకా సాగింది. మే నెలాఖరుకి సాతో తన మనుషులు ఆకలితో చస్తున్నారని, ఒక్క గింజ కూడా పంపలేదని పైవాళ్లకి చెప్పి, ఆజ్ఞ ధిక్కరించి వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత పదవి ఊడింది. నాకు ఈ యుద్ధంలో నచ్చిన జనరల్ ఆయనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఊళ్లో ఒక మలుపు దగ్గర కొండ మీంచి జారిపడ్డ ట్యాంకు పడినచోటే తుప్పు పట్టి ఉంది, పిల్లలున్నవాళ్లు తప్పక చూపించండి. కిసామా హెరిటేజ్ విలేజ్‌లో యుద్ధ మ్యూజియం ఉంది. హార్న్‌బిల్‌కి వెళ్తే ఎలాగూ చూస్తారు, దానికోసమే అయితే అక్కర్లేదు. అరదురా కొండ మీద కేథడ్రల్ విశాలంగా ఉంటుంది, దాని నిర్మాణానికి జపాన్ మృతుల కుటుంబాల సాయం కూడా అందింది. సూర్యుడు నవంబరులో నాలుగున్నరకే దిగిపోతాడు, ఐదింటికల్లా షాపులు మూసేస్తారు.

తిండి. పొగబెట్టిన పంది మాంసం, ఆక్సొనె అనే పులియబెట్టిన సోయా. వాసన మొదటిరోజు కష్టం, రెండోరోజు అలవాటు. గల్హో అని బియ్యం, ఆకుకూరలు కలిపి జావలా వండుతారు, ఒంట్లో బాగోకపోయినా తినొచ్చు. గుంటూరు కారం తిన్నవాళ్లం మాకేంటని మా వాడు రాజా మిర్చి పచ్చడి స్పూనుతో తీసుకున్నాడు. తర్వాత పావుగంట మాట్లాడలేదు. అన్నం మూడు పూటలా దొరుకుతుంది. శాకాహారులకి కొహిమాలో కష్టమే, పొడులు పట్టుకెళ్లండి. నాగాలాండ్‌లో మద్యనిషేధం ఉందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

కొహిమా నుంచి ఇంఫాల్‌కి 140 కిలోమీటర్ల లోపే. ముందురోజు మాట్లాడుకున్న టాక్సీ వాడు పొద్దున ఆరింటికి ఫోన్ చేసి రానన్నాడు, అడ్వాన్సు తిరిగి రాలేదు. స్టాండుకెళ్లి వేరేది ఎక్కాం. మావ్ గేటు దగ్గర పర్మిట్ చూస్తారు. ఈ దారిలో 109వ మైలురాయి దగ్గర 1944 జూన్ 22న కొహిమా నుంచి వచ్చిన దళాలు, ఇంఫాల్ నుంచి వచ్చిన దళాలు కలుసుకున్నాయి. మూడు నెలల దిగ్బంధం అక్కడ ముగిసింది. ఇంత ముఖ్యమైన చోటు అయినా డ్రైవర్లు ఆపరు, ముందే చెప్పి పెట్టుకోవాలి.

కొహిమాలో యుద్ధమంతా కంటిముందు ఇమిడిపోతుంది. ఇంఫాల్ అలా కాదు. చుట్టూ కొండలు, మధ్యలో మైదానం, కొండల్లోంచి వచ్చే ప్రతి రోడ్డు మీదా ఒక యుద్ధం. వాహనం, తెలిసిన గైడ్ లేకపోతే ఏమీ తెలియదు. లోపల చిక్కుకున్న సుమారు లక్షన్నర మందికి విమానాలతోనే తిండి అందింది. బర్మా తీరంలోని అరకాన్ నుంచి ఒక డివిజన్ మొత్తాన్ని, ఫిరంగులూ కంచరగాడిదలతో సహా, విమానాల్లో తెచ్చి దించారు. జపాన్ వాళ్లకి ఆ సౌకర్యం లేదు, లెక్క అక్కడే తేలిపోయింది. ఊరికి ఉత్తరాన నుంగ్‌షిగుమ్ కొండని రోడ్డు మీంచి చూశాం. ఏప్రిల్ 13న ట్యాంకులు నిటారుగా ఉన్న ఆ కొండ ఎక్కాయి. ఇంగ్లీషు అధికారులంతా చనిపోవడమో గాయపడటమో జరిగితే డోగ్రా రెజిమెంటు సుబేదార్ రణబీర్ సింగ్ నడిపించి గెలిపించాడు.

ఒక్కటే చూసే సమయం ఉంటే రెడ్ హిల్ చూడండి. తిద్దిమ్ రోడ్డు మీద ఇంఫాల్‌కి 16 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జపాన్ సైన్యం ఈ వైపు నుంచి ఇంతవరకే రాగలిగింది. కొండ కింద జపాన్ వాళ్లు కట్టించుకున్న స్మారకం, పక్కనే 2019లో నిప్పన్ ఫౌండేషన్ సాయంతో తెరిచిన ఇంఫాల్ పీస్ మ్యూజియం. ఈ యాత్రలో చూసిన మ్యూజియంలన్నిటిలో ఇదే మేలు. రెండు వైపుల సంగతీ, మధ్యలో నలిగిన మణిపూర్ జనం సంగతీ కలిపి చెబుతుంది. పొలాల్లో దొరికిన తుప్పు పట్టిన టిఫిన్ డబ్బాలు, హెల్మెట్లు ఉన్నాయి. జపాన్ వైపు 85 వేల మంది దాకా బయల్దేరితే దాదాపు 30 వేల మంది చనిపోయారు, ఎక్కువమంది ఆకలికీ, మలేరియాకీ, విరేచనాలకీ. బ్రిటిష్, భారత సైన్యాల నష్టం, చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ అంతా కలిపి 16 వేల పైచిలుకు.

మొయిరాంగ్ ఇంఫాల్‌కి 45 కిలోమీటర్లు. 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ కర్నల్ షౌకత్ మాలిక్ ఇక్కడ త్రివర్ణ పతాకం ఎగరేశాడు. మ్యూజియం చిన్నదే. మా వాడు మాత్రం ఒక్కో ఫొటో దగ్గర ఐదేసి నిమిషాలు. "బావా, కొహిమాలో మనవాళ్లు గెలిచారంటావు. మరి ఇక్కడ ఓడింది ఎవరు?" అన్నాడు. ఫౌజ్‌లో చేరినవాళ్లలో మలయా, బర్మాల నుంచి వచ్చిన దక్షిణాది కూలీల పిల్లలూ ఉన్నారు. పాలెల్ ఎయిర్‌ఫీల్డ్ మీద దాడికి వెళ్లిన, ఫౌజ్‌లోని గాంధీ బ్రిగేడ్‌కి ఎదురు నిలబడ్డ సైన్యంలోనూ భారతీయులు ఉన్నారు. దానికి నేనేం చెప్పలేదు, లోక్‌తక్ సరస్సు వైపు నడిచాం. తేలే గడ్డి దిబ్బల మీద చేపలవాళ్ల గుడిసెలు, పక్కనే సేంద్రా. మధ్యాహ్నం అక్కడ గడపొచ్చు.

ఇంఫాల్‌లో బస నగరంలోనే, మార్కెట్‌కి దగ్గరగా తీసుకోండి. గదులు కొహిమా కంటే చవక, వేడినీళ్లు వచ్చాయి. ఇమా కైథేల్ అనే ఆ మార్కెట్‌లో అమ్మేవాళ్లంతా ఆడవాళ్లే, పొద్దున్నే వెళ్తే బాగుంటుంది. వైష్ణవం బలంగా ఉన్న ఊరు కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. చామ్‌థాంగ్ అనే కూరగాయల పులుసు అన్నంలోకి బాగుంది. ఎరోంబాలో మాత్రం పులియబెట్టిన చేప ఉంటుంది, అడిగి తినండి. చాక్‌హావ్ నల్లబియ్యం పాయసం మిస్సవ్వొద్దు. రెండు యుద్ధ శ్మశానాలూ ఊళ్లోనే ఉన్నాయి. రెండూ కామన్వెల్త్ కమిషన్ వాళ్లు చూసుకునేవే, రెండోది ప్రధానంగా భారత సైనికులది. రెండోదానికి వచ్చేవాళ్లు బాగా తక్కువ. మేం ఉన్న గంటలో తోటమాలి తప్ప ఎవరూ లేరు. కాంగ్లా కోటలో బ్రిటిష్–భారత 14వ సైన్యాధిపతి జనరల్ స్లిమ్ ఉన్న కాటేజీ కోట చూసేటప్పుడు కనిపిస్తుంది, ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

మా ప్రయాణం తర్వాత, 2023 మే నుంచి మణిపూర్‌లో అల్లర్లు మొదలయ్యాయి. మేం వెళ్లిన రోడ్లు, మొయిరాంగ్ వైపు ప్రాంతాలు ఇప్పుడు అప్పట్లా ఉంటాయనుకోకండి. టికెట్ తీసే ముందు అక్కడివాళ్లని అడిగి నిర్ణయించుకోండి, వెళ్లినా కొహిమా నుంచి రోడ్డు మీద కాకుండా విమానంలో ఇంఫాల్‌లో దిగడం నయం. అనుమానం ఉంటే కొహిమా, ఖొనోమా చాలు. గైడ్‌ని ముందే మాట్లాడుకోండి, డబ్బు నోట్లలో ఉంచుకోండి, ఆదివారం కొహిమాలో పడకుండా టికెట్లు తీయండి. ఆ రోజు ఊరంతా చర్చిలో ఉంటుంది, టీ బడ్డీ కూడా తెరవరు.